పదిహేడో నంబరు కోటు

కుతాయిసిలో ఫిబ్రవరి అంటే
రియోని నది మీది గాలి
బొత్తాల సందుల్లోంచి లోపలికి తొంగిచూసే నెల.
మూతపడ్డ చొక్కాల ఫ్యాక్టరీ నేలమాళిగలో
ముప్పై నాలుగు కుర్చీలు, వాటిలో రెండు కుంటివి.
తలుపు బయట, కోట్ల గదిలో, నేను.

ఒకప్పుడు ఇదే భవనం పై అంతస్తులో
రోజుకి నలభై కాలర్లు కుట్టిన చేతులు.
ఇప్పుడు చీటీ ఇచ్చి కోటు పుచ్చుకుంటాయి,
కోటిచ్చి చీటీ పుచ్చుకుంటాయి.
నాకు నాటకాలన్నీ గోడకివతలే.

అయినా తెలిసిపోతుంది.
చప్పట్లు మొహమాటపడతాయి, కోట్లు పడవు.
నాటకం తేలిపోయిన రాత్రి
ఆఖరి బస్సు గురించి మాట్లాడుకుంటూ
రెండు చేతులూ ఒకేసారి దూర్చేస్తారు.
బాగున్న రాత్రి
ఒక చెయ్యి దూర్చి, రెండోది మరిచిపోయి
అలా నిలబడిపోతారు.
మఫ్లర్లు వదిలేసి వెళ్తారు.
ఈ చలికాలం నా దగ్గర తొమ్మిది మిగిలాయి.
మంచి సంవత్సరమే.

రాసేవాళ్ళంతా పిల్లలు.
పగలు మందుల షాపులో, బడిలో, వ్యాన్ల స్టాండులో.
పన్నెండు నిమిషాలకు మించి రాసే తీరిక లేదంటారు.
నేనొప్పుకోను.
కాలరుకి పట్టేది జానెడు గుడ్డే,
అది వంకరైతే మాత్రం మనిషంతా వంకర.

రేవాజ్ రాసిందాన్లో ఒకడు
కొన్న తలుపు వాపసివ్వడానికి దుకాణానికొస్తాడు.
"ఎన్నిసార్లు తీసినా మా ఇల్లే వస్తోంది" అంటాడు.
లోపల నవ్వారు.
ఇవతల ఎవరిదో ఉన్నిటోపీ నోటికి అడ్డుపెట్టుకుని నేనూ.
బాద్రి నాటకంలో స్వేచ్ఛ అన్న మాట పదకొండుసార్లు.
లెక్కపెట్టాను, ఇంకేం పని.
కోట్లు చకచకా కదిలాయి ఆ రాత్రి.
వాడు తలదించుకుని చీటీ ఇస్తే
"మధ్యలో బకెట్టు నిండేదాకా ఆగావు చూడు, అది బాగుంది" అన్నాను.
అబద్ధం కాదు.
అప్పుడొక్కప్పుడే ఎవరూ మాట్లాడలేదు.

ఇక నుత్స, మందుల షాపు పిల్ల.
నిరుటి నుంచీ ఎవరూ అడగని కోటు
కొక్కేనికి వేలాడుతుంటే చూసి
"ఎవరిది పెద్దమ్మా?" అంది.
తెలీదన్నాను.
తెలుసు.

మూడు వారాలకు ఆ కోటే అరువడిగింది.
"ఇవాళ లోపలికి రా. కోట్లెక్కడికీ పోవు."
"పోకపోబట్టేగా నీకు నాటకం దొరికింది" అంటూనే
వెళ్ళి కుంటి కుర్చీలో కూర్చున్నాను.

లామారా ఒక్కతే.
కోటు భుజాలు విప్పి పట్టుకుని,
ఎవరో వెనక్కి తిరిగి చేతులు దూరుస్తారన్నట్టు.
ఎవరూ రారు.
చెయ్యి లాగుతుంది, మార్చుకుంటుంది.
దారిఖర్చుకని జేబులో బిళ్ళ వేస్తుంది.
జేబుకీ లైనింగుకీ కలిపి ఒకటే చిల్లు.
టంగుమని నేలమీద.
తీసి మళ్ళీ వేస్తుంది. మళ్ళీ టంగు.
మూడోసారి
వంగలేదు.
దీపం ఆరింది.

నుత్స చెప్పింది తప్పు.
ఆ కోటు మనిషి, ముందు వరసలో అప్పులవాణ్ణి చూసి
వెనక తలుపున జారుకున్నాడు. అంతే కథ.
ఇంట్లో ఎవరూ ఎదురుచూడలేదు, బిళ్ళలూ లేవు.
కానీ ఏడాదిగా నా దగ్గరున్న నిజం
ఒక్కసారైనా టంగుమనలేదు.

చప్పట్లు కొట్టకుండానే గదికి పరిగెత్తాను.
చీటీలన్నీ తారుమారు.
ఒక పళ్ళ డాక్టరు ఎవరి కోటేసుకుని వెళ్ళాడో
ఈరోజుకీ తేలలేదు.

అందరూ పోయాక పదిహేడు తిరిగొచ్చింది,
లామారా చేతుల వెచ్చదనంతో.
చిల్లు కనబడితే ఊరుకోని వేళ్ళు,
ముప్పై ఏళ్ళ అలవాటు,
సూదిలోకి దారం ఎక్కించేశాయి కూడా.
తెంపేశాను.

ఇంకా ఆరు ఆటలున్నాయి.
రోజూ తెర తీసేముందు జేబులో వేలుపెట్టి చూస్తాను.
బిళ్ళ జారేంత ఉండాలి, వేలు జారేంత కాదు.
నిన్న కాస్త సాగింది.
కళ్ళజోడు పెట్టుకుని, అంచు చుట్టూ
కాజా కుట్టాను.